వెస్ట్‌మిన్‌స్టర్ కమిటీ గదిలో నాన్నతో ఒక పూట

2025 వేసవిలో నాన్న లండన్ వచ్చారు. రెండో వారంలో "ఎక్కడికి వెళ్దాం నాన్నా?" అని అడిగితే, "మీ పార్లమెంటు చూపించమ్మా. బయట గడియారం కాదు, లోపల పని జరిగే చోటు" అన్నారు.

ఆయన అలా అడగడం నాకేమీ కొత్తగా అనిపించలేదు. లోకల్ ఫండ్ ఆడిట్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. నా చిన్నప్పుడు చీరాల చుట్టుపక్కల పంచాయతీల క్యాష్‌బుక్కులు, వోచర్లు, తీర్మానాల పుస్తకాలు ముందు వేసుకుని, ఎర్ర పెన్సిలుతో పక్కన గీతలు పెట్టుకుంటూ రాత్రిళ్లు కూర్చునేవారు. డబ్బు ఎక్కడికి పోయింది, ఎవరు సంతకం పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగడమే ఆయన జీవితం. కాబట్టి లండన్ ఐ ఎక్కించకుండా సెలెక్ట్ కమిటీ సమావేశానికి తీసుకెళ్లాను. ఇక్కడున్న తెలుగువాళ్లకి, ముఖ్యంగా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏం చూపించాలో తోచనివాళ్లకి పనికొస్తుందని ఇదంతా ఒక సమీక్షలా రాస్తున్నాను.

సెలెక్ట్ కమిటీ అనగానే మనకి 2020 జనవరి గుర్తొస్తుంది. మూడు రాజధానుల బిల్లు ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ఆగి, సెలెక్ట్ కమిటీకి పంపుతున్నామన్నప్పుడు ఊరూవాడా ఆ మాట వినపడింది. అది ఒక బిల్లు కోసం వేసే కమిటీ. ఇక్కడ సెలెక్ట్ కమిటీ అంటే వేరు. దాదాపు ప్రతి శాఖకీ ఒక కమిటీ ఉంటుంది. ఆ శాఖ ఏం చేస్తోంది, ఎవరిని నియమిస్తోంది, ఏం దాస్తోంది అని పార్లమెంటు కాలమంతా అడుగుతూనే ఉంటుంది. చాలా కమిటీల అధ్యక్షులను 2010 నుంచి ఎంపీలందరూ రహస్య ఓటింగుతో ఎన్నుకుంటున్నారు. ప్రభుత్వ పారదర్శకత, మంత్రుల నడవడిక, సివిల్ సర్వీసు వ్యవహారాలు చూసే కమిటీకి ఇప్పుడు లేబర్ ప్రభుత్వం ఉండగానే కన్సర్వేటివ్ ఎంపీ సైమన్ హోర్ అధ్యక్షుడు.

ముందు వెళ్లే విధానం చెబుతాను. టికెట్ లేదు, రుసుము లేదు. బ్రిటిష్ పౌరసత్వం ఉండాలని కూడా లేదు, విజిటర్ వీసా మీద వచ్చిన మా నాన్నని ఎవరూ ఏమీ అడగలేదు. ఏ కమిటీ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఎవరిని ప్రశ్నిస్తుందో పార్లమెంటు వెబ్‌సైటులో ముందే పెడతారు. మంగళ, బుధవారాల్లో ఎక్కువ సమావేశాలుంటాయి. వెస్ట్‌మిన్‌స్టర్ ట్యూబ్ స్టేషన్ దిగితే పైనే పార్లమెంటు వాళ్ల పోర్ట్‌కల్లిస్ హౌస్ భవనం, కమిటీ గదులు కొన్ని అందులో ఉన్నాయి. కొన్ని సమావేశాలు పాత పార్లమెంటు భవనంలో జరుగుతాయి, వాటికి ద్వారం వేరు. కాబట్టి గది పేరు చూసుకుని బయలుదేరండి.

లోపలికి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో లాగే తనిఖీ. నాన్న సంచిలో పులిహోర పెట్టిన స్టీలు డబ్బా ఉంది. స్కానర్ దగ్గర ఉన్నాయన మూత తీయమని అడిగి, చూసి, థాంక్యూ చెప్పి పంపించాడు. మెడలో వేసుకోవడానికి పాస్ ఇచ్చారు. లోపల అద్దాల కప్పు కింద పెద్ద పెద్ద చెట్లు వరసగా ఉంటాయి. మర్రి, రావి జాతికి చెందినవే. నాన్న ఒక ఆకు పట్టుకుని చూసి, "మన రచ్చబండ దగ్గర చెట్టుకి చుట్టమే" అన్నారు.

గదులకు పాత ప్రధానుల పేర్లూ, నాయకుల పేర్లూ ఉంటాయి: విల్సన్ గది, థాచర్ గది, గ్రిమాండ్ గది. మేము వెళ్లిన గది మన జిల్లా పరిషత్ సమావేశ మందిరం కన్నా చిన్నదే. గుర్రపు లాడం ఆకారంలో బల్ల, దాని చుట్టూ ఎంపీలు. తెరిచి ఉన్న వైపు ఒక బల్ల వేసి, జవాబు చెప్పాల్సినవాళ్లని కూర్చోబెడతారు. మన కుర్చీలు వాళ్ల వెనక ఉంటాయి. అంటే అధికారుల వీపులు మనవైపు, అడిగే ఎంపీల ముఖాలు మనకెదురుగా. మొదట నాకు కొంచెం నిరాశ కలిగింది, ముఖం కనపడకపోతే ఏం తెలుస్తుంది అని. నాన్న మాత్రం, "వీపు అబద్ధమాడదమ్మా, చూస్తూ ఉండు" అన్నారు.

ఆ రోజు ఒక శాఖ ఉన్నతాధికారులు ముగ్గురిని పిలిచారు. వాళ్ల పేర్లు ఇక్కడ అనవసరం. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు బహిరంగ ప్రకటన, పోటీ లేకుండా కొందరిని సివిల్ సర్వీసు ఉద్యోగాల్లోకి తీసుకున్నారని గొడవైంది. మినహాయింపు కింద అలా తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఆ మినహాయింపు ఎన్నిసార్లు వాడారు, ప్రతిసారీ కారణం రాశారా అని ఒక ఎంపీ అడిగారు. మధ్యలో కూర్చున్న అధికారి నిబంధన ఏమిటో వివరించారు. ఎంపీ మళ్లీ అదే ప్రశ్న వేశారు, గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. ఈసారి ఆయన నిబంధన ఎందుకు అవసరమో చెప్పారు. మూడోసారి, "మీరు చెప్పింది అర్థమైంది, నేను అడుగుతున్నది అంకె" అన్నట్టుగా అడిగారు. అప్పుడు ఆయన మెడ కొంచెం వంగింది. పక్కనున్నావిడ కాగితం ఒకటి ఆయన వైపు జరిపింది. ఆయన చూసి, వివరాలు కమిటీకి రాతపూర్వకంగా పంపుతామన్నారు.

నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ క్షణంలో ఆయనకి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. "వివరములు సేకరించి సమర్పించబడును" అన్న మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆడిట్ పారాకి, అంటే ఆడిటరు రాసిన అభ్యంతరానికి, పంచాయతీ నుంచి వచ్చే జవాబు అదే. ఏళ్ల తరబడి ఆ పారా అలాగే ఉండిపోయేది.

ఇక్కడ తేడా ఒకటుంది. పంపుతామన్న ఉత్తరం వచ్చాక మామూలుగా దాన్ని కమిటీ తన పేజీలో పెడుతుంది. కమిటీ అడుగుతూ రాసినదీ, శాఖ ఇచ్చిన జవాబూ రెండూ ఎవరైనా చదువుకోవచ్చు. జవాబు రాకపోతే మళ్లీ రాస్తారు, అదీ కనపడుతుంది. మన లోక్‌సభలోనూ ఇలాంటి ఏర్పాటు లేకపోలేదు. 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి సభలో అంటే దాన్ని హామీ కింద రాసుకుని, మూడు నెలల్లో నెరవేర్చారా అని అడగడం దాని పని. చాలా మంచి ఆలోచన అది. కానీ ఆ కమిటీ కూర్చునే గదిలోకి నేనూ మా నాన్నా వెళ్లలేం. మన పార్లమెంటు కమిటీల సమావేశాలు మూసిన తలుపుల వెనకే జరుగుతాయి. చివరికి నివేదిక మన చేతికొస్తుంది గానీ, ఎవరు ఏం అడిగారు, ఎవరు ఎలా తప్పించుకున్నారు అన్నది మన కళ్లతో చూడలేం.

ఇక్కడ నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచింది రికార్డు. బహిరంగంగా జరిగే సమావేశాలని పార్లమెంటు వాళ్ల సొంత టీవీ సైటులో చూడొచ్చు, పాతవి కూడా ఉంటాయి. కొద్ది రోజుల్లో మాటమాటా టైపు చేసి పెడతారు. అందులో ప్రతి ప్రశ్నకీ నంబరుంటుంది. మూడుసార్లు అడిగిన ప్రశ్నకి మూడు నంబర్లు. ఎవరు సూటిగా చెప్పలేదో కాగితం మీద ఉండిపోతుంది.

ఆ కాగితానికి ఎంత బలముందో రిచర్డ్ షార్ప్ వ్యవహారంలో చూశాం. 2021 జనవరిలో బీబీసీ చైర్మన్ పదవికి ప్రభుత్వం ఆయన్ని ఎంచుకుంది. ఇక్కడ కొన్ని పెద్ద పదవులకి, ప్రభుత్వం ఎంచుకున్న వ్యక్తిని నియమించే ముందు ఆ శాఖని చూసే కమిటీ ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. ఆయన్నీ అలాగే ప్రశ్నించి, సరేనన్నారు. రెండేళ్ల తర్వాత, 2023 జనవరిలో సండే టైమ్స్ పత్రిక ఒక విషయం బయటపెట్టింది. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కి 8 లక్షల పౌండ్ల వరకు అప్పు కుదిరే వ్యవహారంలో, హామీ ఇవ్వడానికి ముందుకొచ్చిన ఒక వ్యాపారిని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సైమన్ కేస్‌కి పరిచయం చేసే పని షార్ప్ చేశారు. అది జరిగింది ఆయన బీబీసీ పదవికి దరఖాస్తు పెట్టుకున్న రోజుల్లోనే. కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతి చెప్పలేదు.

ఫిబ్రవరిలో కమిటీ ఆయన్ని మళ్లీ పిలిచింది. రెండేళ్ల కిందటి మాటలు ముందు పెట్టుకుని అడిగింది. నేను ఆ వీడియో ఆఫీసు నుంచి వచ్చాక వంట చేసుకుంటూ మొదలుపెట్టి, పొయ్యి కట్టేసి కూర్చుని చూశాను. అప్పు ఇప్పించడంలో తన పాత్రేమీ లేదని, పరిచయం మాత్రమే చేశానని ఆయన వాదించారు. ఆయన విచక్షణ బాగా తప్పిందని కమిటీ నివేదికలో రాసింది. తర్వాత న్యాయవాది ఆడమ్ హెపిన్‌స్టాల్ చేసిన దర్యాప్తులో నియామకాల నియమావళిని ఉల్లంఘించారని తేలింది. ఉల్లంఘన కావాలని చేసింది కాదని చెబుతూ 2023 ఏప్రిల్ 28న షార్ప్ రాజీనామా చేశారు. విషయం బయటపెట్టింది పత్రికే, ఆ గౌరవం పత్రికకే చెందాలి. కానీ "మమ్మల్ని చీకట్లో ఉంచి మా ఆమోదం తీసుకున్నారు" అని అడగడానికి కమిటీకి ఆధారం దొరికింది ఆ మొదటి రోజు రికార్డు వల్లే.

ఇది చెబుతుంటే నాన్నకి మన 2011 నాటి కేసు గుర్తొచ్చింది. కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె.థామస్‌ని ఎంపిక చేసినప్పుడు, ముగ్గురు సభ్యుల ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ ఒక్కరే ఒప్పుకోలేదు. ఒప్పుకోనని కాగితం మీదే రాశారు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు ఆ నియామకం చెల్లదంది. "రాసి పెట్టడం ముఖ్యమమ్మా. ఓడిపోతామని తెలిసినా రాసి పెట్టాలి" అన్నారు నాన్న. ట్యూబులో తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే మాట రెండుసార్లు అన్నారు.

ఇక లోపం. పెద్ద లోపమే, అందుకే ఐదు నక్షత్రాలు ఇవ్వలేను. నియామకాల విషయంలో కమిటీ మాటని ప్రభుత్వం వినాలని ఏమీ లేదు. 2009లో పిల్లల కమిషనర్ పదవికి మ్యాగీ అట్కిన్సన్‌ని విద్యా కమిటీ కాదంది, మంత్రి ఎడ్ బాల్స్ నియమించేశారు. 2012లో యూనివర్సిటీ ప్రవేశాలు చూసే పదవికి లెస్ ఎబ్డన్‌ని వద్దన్నారు, విన్స్ కేబుల్ నియమించారు. 2016లో స్కూళ్లని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ అధిపతిగా అమాండా స్పీల్‌మన్ విషయంలోనూ ఇంతే. 2018లో సేవా సంస్థల్ని పర్యవేక్షించే చారిటీ కమిషన్‌కి అధిపతిగా టీనా స్టోవెల్‌ని కమిటీ ఏకగ్రీవంగా తిరస్కరించింది, అయినా ఆమే వచ్చారు. 2022లో అదే పదవికి ఓర్లాండో ఫ్రేజర్‌ని బలపరచబోమని కమిటీ చెప్పినా నియామకం ఆగలేదు. వీళ్లలో కొందరు తర్వాత బాగా పనిచేశారని అనేవాళ్లున్నారు, అది వేరే సంగతి. నాకు బాధ కలిగించేది పద్ధతి. ఒక మనిషిని పిలిచి, గంటల తరబడి ప్రశ్నించి, ఆలోచించి, రాతపూర్వకంగా వద్దని చెప్పినా మంత్రి ఒక్క ఉత్తరంతో దాటిపోగలిగితే, అడిగేవాళ్ల శ్రమకి మర్యాద ఏముంది? కనీసం సభలో చర్చ పెట్టి, ఎందుకు కాదంటున్నారో మంత్రి నిలబడి చెప్పాలన్న నియమం ఉండాలి.

మంత్రుల నడవడిక విషయంలో కూడా చాలాకాలం ఇదే తంతు. మంత్రులకి ఒక నియమావళి ఉంది. అది తప్పారా లేదా అని చూసే స్వతంత్ర సలహాదారు ఉన్నారు. కానీ ఆఖరి మాట ప్రధానిది. 2020లో హోంమంత్రి ప్రీతీ పటేల్ సిబ్బందితో వ్యవహరించిన తీరు నియమావళికి విరుద్ధమని సలహాదారు అలెక్స్ అలన్ తేల్చారు. ప్రధాని కాదన్నారు, అలన్ రాజీనామా చేశారు. ఆయన తర్వాత వచ్చిన లార్డ్ గైట్ 2022 జూన్ 14న కమిటీ ముందు కూర్చున్నారు. ఆ వీడియో వీలైతే చూడండి. చాలా మర్యాదగా, ప్రతి మాటనీ తూచి మాట్లాడే మనిషి. పార్టీగేట్ జరిమానా, అంటే కరోనా ఆంక్షలు తప్పి జరిపిన పార్టీలకి సంబంధించి ప్రధాని జాన్సన్‌కి పడిన జరిమానా, గురించి అడిగినకొద్దీ ఆయన మాటల మధ్య నిశ్శబ్దం పెరుగుతూ పోతుంది. రాజీనామా అనేది సలహాదారు చేతిలో ఉన్న కొద్దిపాటి సాధనాల్లో ఒకటి, అదీ మొరటు సాధనం అన్న అర్థంలో ఒక మాట అన్నారు. మర్నాడు సాయంత్రానికి రాజీనామా చేశారు. తన ఉత్తరంలో వేరే కారణం కూడా రాశారు గానీ, ఆ ప్రశ్నల తర్వాత ఆయన ఆ కుర్చీలో ఉండగలగడం కష్టమని చూసినవాళ్లకి అనిపిస్తుంది. నాకైతే అనిపించింది.

ప్రధాని అనుమతి లేకుండానే సలహాదారు దర్యాప్తు మొదలుపెట్టొచ్చని 2024 నవంబరులో నియమావళి మార్చారు. కమిటీలు ఏళ్లుగా అడుగుతున్న మార్పు అది. నాన్న తిరిగి చీరాల వెళ్లిపోయాక, 2025 సెప్టెంబరు 5న ఉపప్రధాని ఆంజెలా రేనర్ రాజీనామా చేశారు. ఫ్లాటు కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ తక్కువ కట్టారని, నియమావళి తప్పారని సలహాదారు లారీ మాగ్నస్ తేల్చారు. నేను ఫోన్ చేసి చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత 1956 సంగతి ఎత్తారు. ఆ ఏడాది సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వంద మందికి పైగా చనిపోతే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానన్నారు, నెహ్రూ వద్దన్నారు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చారు, ఈసారి ఒప్పుకోక తప్పలేదు. మా తాతయ్య ఆ కబురు రేడియోలో విని ఇంట్లో అందరినీ పిలిచి చెప్పారట. అప్పుడు ఏ నియమావళీ లేదు, ఏ సలహాదారూ లేడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, ఇది మా ఇంటిది. నాన్న పెన్షన్ బకాయిల లెక్క కోసం ఒక ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టారు. ఏ ఆఫీసో ఇక్కడ రాయను. పది రూపాయలు కట్టారు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రెండు నెలలు దాటాక ఒక్క వాక్యం వచ్చింది, కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాదని. ముప్పై ఏళ్లు ఇతరుల లెక్కలు సరిచేసిన మనిషి, తన సొంత లెక్క ఎక్కడుందో తెలియక ఆ కాగితం పట్టుకుని వరండాలో కూర్చున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. ఇక్కడ సమాచారం అడగడానికి రుసుము లేదు, ఇరవై పనిదినాల గడువు. అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి. సమాచారం అడిగే దరఖాస్తుల్ని కేబినెట్ ఆఫీసు వడపోస్తోందన్న ఫిర్యాదుల మీద ఈ పారదర్శకత కమిటీయే విచారణ జరిపి 2022లో నివేదిక ఇచ్చింది. అడిగేవాళ్లు ఉన్నారన్న ధైర్యం మాత్రం ఉంది. అది చిన్న విషయం కాదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. సమావేశం రెండు గంటలు పట్టొచ్చు, పెద్దవాళ్లకి ముందే చెప్పండి. మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. ఫోన్ సైలెంటులో పెట్టాలి, ఫోటోలు తీయకూడదు. ఇంగ్లీషు వేగంగా ఉంటుంది, అర్థం కాకపోతే తర్వాత రాతప్రతి చదువుకోవచ్చు. అందరూ చూసే పెద్ద విచారణలైతే కుర్చీలు నిండిపోతాయి, ముందే వెళ్లండి. మేం వెళ్లిన మామూలు రోజున మాతో కలిపి ఏడెనిమిది మంది ఉన్నారంతే. అంత మంచి గదిలో అన్ని ఖాళీ కుర్చీలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. నా మటుకు ఐదుకి నాలుగు.

సమావేశం రాతప్రతి వచ్చిందని చూసి ఆఫీసులో ప్రింటు తీసుకొచ్చాను, నలభై పేజీల దాకా ఉంది. నాన్న ఎర్ర పెన్సిలు అడిగారు. మా ఇంట్లో లేకపోతే మా అబ్బాయి రంగుల పెట్టెలోంచి తీసిచ్చాను. రెండు రాత్రులు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదివారు. ప్రతి ప్రశ్న నంబరు పక్కనా చిన్న గుర్తు పెట్టుకుంటూ వచ్చారు: జవాబు వచ్చిన చోట టిక్కు, రాని చోట సున్నా. ఆ మూడుసార్లు అడిగిన ప్రశ్న దగ్గర మూడు సున్నాలు పెట్టి, కింద తెలుగులో "ఉత్తరం రావాలి" అని రాశారు. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు బరువు ఎక్కువైందని అమ్మకి కొన్న దుప్పటి తీసేశాం గానీ ఆ కాగితాలు తీయనివ్వలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగేది అదే.

"ఏమ్మా, ఆ ఉత్తరం వచ్చిందా?"